సికమోర్ చెట్టు వెనుక నుంచి ఒపెరా: ఊరి హాలు ప్రాజెక్టు డైరీ

2024 సెప్టెంబరు 14, శనివారం

మా ఊరు ఇంగ్లండులో ష్రాప్‌షైర్ కౌంటీ పడమటి కొసన, వేల్స్ సరిహద్దును ఆనుకున్న గుట్టల మధ్య ఉంది. దగ్గరలోని సినిమా హాలుకు వెళ్ళాలంటే వంకర దారుల్లో ముప్పావుగంట కారు నడపాలి. సాయంత్రం ఆరు దాటితే బస్సు లేదు. అందుకే ఊరి హాల్లో నెలకొక సినిమా వేసే అలవాటు నేను ఇక్కడికి రాకముందు నుంచే ఉంది. ఒక తెర, ఒక ప్రొజెక్టరు, ఎనభై కుర్చీలు, వంటగది కిటికీలోంచి అందించే టీ, ఇంతే మా సరంజామా. ఈ ఏడాది సినిమాలతో పాటు ఒపెరాలు (పాటలతోనే నడిచే పాశ్చాత్య నాటకాలు), రంగస్థల నాటకాలు కూడా చూపాలని కమిటీ తీర్మానించి, వైర్లతో కాలక్షేపం చేసేవాణ్నని తెలిసిన పాపానికి ఆ పనిని నాకు అప్పగించింది. కుదిరిన పనినీ చెడిన పనినీ ఎప్పటికప్పుడు రాసి పెట్టుకోవడానికే ఈ డైరీ.

రంగస్థలాన్ని సినిమా తెర మీదికి తేవడం ఇప్పుడు కొత్త సంగతేమీ కాదు. న్యూయార్క్‌లోని మెట్రోపాలిటన్ ఒపెరా (మెట్) 2006 డిసెంబరు 30న మొజార్ట్ ‘మ్యాజిక్ ఫ్లూట్’ను కుదించి, ఇంగ్లీషులో పాడించి, సినిమా హాళ్ళకు ప్రత్యక్షంగా ప్రసారం చేయడంతో ఈ పద్ధతి ఊపందుకుంది. లండన్‌లోని నేషనల్ థియేటర్ 2009 జూన్ 25న హెలెన్ మిరెన్ నటించిన ‘ఫేద్ర’ నాటకంతో అదే దారి పట్టింది. మా వంటి చిన్న హాళ్ళకు ఇవి రెండు రూపాల్లో అందుతాయి. ఒకటి, ఉపగ్రహం ద్వారా అదే క్షణంలో వచ్చే ప్రత్యక్ష ప్రసారం. రెండవది, ముందే చిత్రించి తరువాతి తేదీల్లో వేసుకోనిచ్చే రికార్డింగు. రెండింటికీ టికెట్టు రాబడిలో పంపిణీదారుకు వాటా ఇవ్వవలసిందే.

నేటి సమావేశం ముప్పాతిక భాగం ఈ రెండింటిలో ఏది అన్నదాని మీదే నడిచింది. నేను ప్రత్యక్ష ప్రసారం వైపు నిలిచాను. మా అధ్యక్షురాలు నాకంటె గట్టిగా నిలిచారు. ఆవిడ దగ్గర నా దగ్గర లేని సాక్ష్యం ఒకటి ఉంది. 2014 ఏప్రిల్ 5న ఆవిడ పట్నంలోని థియేటరులో మెట్ వారి ‘లా బొహీమ్’ ప్రత్యక్ష ప్రసారం చూశారు. నాయిక పాత్ర పాడవలసిన గాయని ఆనాటి ఉదయం అనారోగ్యంతో తప్పుకోగా, ముందు రాత్రే అదే వేదిక మీద ‘మదామ్ బటర్‌ఫ్లై’ పాడి తెల్లవారుజామున పడుకున్న క్రిస్టీన్ ఒపోలైస్‌ను నిద్రలేపి రప్పించారు. ఇరవైనాలుగు గంటలు తిరగకముందే ఆమె రెండవ ప్రధాన పాత్ర పాడింది. పాడగలదో లేదోనన్న బెంగ హాలంతా ఎలా పరచుకున్నదో చెబుతున్నప్పుడు అధ్యక్షురాలి చేతిలోని టీ చల్లారిపోయింది. రికార్డింగులో ఆ బెంగ ఉండదని ఆవిడ వాదన. కోశాధికారి మాత్రం రికార్డింగు అయితే మధ్యాహ్నం రెండున్నరకు వేసుకోవచ్చు గదా అని ఒక్క మాట అని ఊరుకున్నారు. ఆ మాటను ఎవరమూ లెక్క చేయలేదు.

అనుమతుల సంగతి అనుకున్నంత కష్టం కాలేదు. 2015 ఏప్రిల్ నుంచి ఇంగ్లండు, వేల్స్‌లలో లాభాపేక్ష లేకుండా, ఐదు వందల మందికి మించకుండా, ఉదయం 8 నుంచి రాత్రి 11 లోపల ఊరి హాళ్ళలో చిత్రాలు చూపడానికి ప్రత్యేక లైసెన్సు అక్కరలేదు. విరామంలో వైను అమ్మాలంటే మాత్రం కౌన్సిలుకు పది పనిదినాల ముందు తాత్కాలిక కార్యక్రమ నోటీసు ఇచ్చి 21 పౌండ్లు కట్టాలి. ఒపెరాకు వైను లేకపోతే ఎవరూ రారని కమిటీ ఏకగ్రీవంగా అభిప్రాయపడింది గనుక కట్టేశాము.

2024 సెప్టెంబరు 28, శనివారం

ఈ వారమంతా తెర ఎత్తుతోనూ శబ్దంతోనూ గడిచింది. మా హాలు నేల చదును. సినిమాకు అది అంత ఇబ్బంది కాదు గాని, ఒపెరాకు అనువాదపు అక్షరాలు తెర అడుగున వస్తాయి, వాటికి సరిగ్గా ముందు వరుస వారి తలలు అడ్డం. ఇటాలియనూ జర్మనూ రాని మాకు ఆ అక్షరాలే దిక్కు. రంగస్థలం మీద పాటతో పాటు అనువాదం చూపే పద్ధతిని కెనడియన్ ఒపెరా కంపెనీ 1983లో టొరంటోలో ‘ఎలెక్ట్రా’తో మొదలుపెట్టింది, వాళ్ళు వేదికకు పైన చూపారు. మాకు కింద చూపే చిత్రమే వస్తుంది గనుక తెరనే పైకి లేపాలి. కుర్చీలో కూర్చున్న మనిషి తల నేలకు సుమారు నూట ముప్పై సెంటీమీటర్ల ఎత్తున ఉంటుంది. తెర అడుగు అంచును వేదిక మీద నూట యాభైకి ఎత్తి, ఒక వరుస కుర్చీలు మరొక వరుస సందుల్లోకి వచ్చేలా అర కుర్చీ పక్కకు జరిపాము. చివరి వరుసలో పొట్టిగా ఉండే నా స్నేహితుణ్ని కూర్చోబెట్టి చదివించాను, చదివాడు.

శబ్దం అంత సులువుగా లొంగలేదు. ప్రొజెక్టరు బొమ్మను సవరించుకోవడానికి కొంత సమయం తీసుకుంటుంది, శబ్దం ఆగకుండా వచ్చేస్తుంది, అందువల్ల పెదవి కదలక ముందే మాట వినిపిస్తుంది. మాటల సినిమాలో ఇది పట్టించుకోని వారు కూడా పాడుతున్న నోటిని దగ్గరగా చూపినప్పుడు పట్టేస్తారు. మన సినిమా వాళ్ళు షాటుకు ముందు కొట్టే క్లాప్ గుర్తొచ్చింది. రెండు చెక్కలకు బందు బిగించి, ఒకరి చేత కొట్టించి, దాన్ని ఫోనులో చిత్రించి, మా ప్రొజెక్టరు గుండా తెర మీద వేశాను. ఆ తెరను మరొక ఫోనుతో సెకనుకు 240 చిత్రాల వేగంతో తీసి, చప్పుడు వినిపించిన చోటు నుంచి చెక్కలు కలిసిన చోటు దాకా ఒక్కొక్కటిగా లెక్కపెట్టాను. ఇరవైరెండు వచ్చాయి, అంటే సెకనులో పదకొండవ వంతు. ఆంప్లిఫయరులో శబ్దాన్ని సరిగ్గా అంత ఆలస్యం చేస్తే సరిపోతుందని అనుకునేంతలో ఇంకొక చిక్కు తట్టింది. చివరి వరుస స్పీకర్లకు పన్నెండు మీటర్ల దూరంలో ఉంది, ఆ దూరం రావడానికే శబ్దానికి సెకనులో ముప్పయ్యవ వంతు పడుతుంది. ముందు వరుసకు కచ్చితంగా కుదిర్చితే వెనుక వరుసకు ఆలస్యం అవుతుంది. చివరకు మధ్య వరుసకు కుదిర్చి రెండు వైపులా తప్పును పంచాను.

ఇంకొకటి రాసి పెట్టుకోవాలి. ఖాళీ హాల్లో విన్న శబ్దాన్ని నమ్మకూడదు. గోడలు శబ్దాన్ని తిరగగొడతాయి, మనుషులూ వారి ఉన్ని కోట్లూ పీల్చుకుంటాయి. ఖాళీగా ఉన్నప్పుడు గింగురుమన్నది నిండినప్పుడు హాయిగా ఉంటుంది.

2024 నవంబరు 23, శనివారం, అర్ధరాత్రి

మొదటి ప్రత్యక్ష ప్రసారం, పుచ్చీని ‘తోస్కా’. నార్వే గాయని లీసా డావిడ్‌సెన్ నాయిక. న్యూయార్క్‌లో మధ్యాహ్నం ఒంటిగంట ఆట, మాకు సాయంత్రం ఆరు. ఈ రోజే బెర్ట్ తుపాను బ్రిటను మీదికి వచ్చింది.

పొద్దున లేచేసరికి గుట్టల మీద మంచు. మధ్యాహ్నం నిచ్చెన వేసుకుని, చీపురుకు పాత తువ్వాలు చుట్టి, 120 సెంటీమీటర్ల డిష్ మీద పేరుకున్న మంచును దులిపాను. సాయంత్రానికి అది కరిగి వాన అయింది, గాలి లేచింది. రిసీవరు సిగ్నలు నాణ్యతను ఒక అంకెగా చూపుతుంది. పొడి వాతావరణంలో మాకు పదకొండున్నర వస్తుంది, ఆరుకు దిగితే బొమ్మ చెదురుతుంది. ఆట మొదలయ్యే వేళకు తొమ్మిది. నేను ఒపెరా చూడలేదు, ఆ అంకెనే చూస్తూ కూర్చున్నాను. మొదటి అంకం నిరాటంకంగా గడిచింది. రెండవ అంకంలో, పోలీసు అధిపతి స్కార్పియా అనుమతి పత్రం రాస్తుండగా, అంకె ఎనిమిది, ఏడు, ఐదు అయి తోస్కా ముఖం చిన్న చిన్న గళ్ళుగా విడిపోయి నిలిచిపోయింది. శబ్దమూ పోయింది. కప్పు మీద వాన చప్పుడు ఒక్కటే మిగిలింది.

చిన్నప్పుడు తెనాలి దగ్గర మా ఊళ్ళో తెల్లవార్లూ జరిగే పద్యనాటకాల్లో మైకు పోతే కృష్ణుడు గొంతు రెండింతలు చేసి పద్యం ఎత్తుకునేవాడు, జనం వన్స్‌మోర్ అంటే మైకు లేకుండానే మళ్ళీ పాడేవాడు. ఇక్కడ ఎత్తుకునేవాడు సముద్రానికి అవతల ఉన్నాడు. అప్పుడు మూడవ వరుసలో కూర్చున్న రిటైరైన పోస్టుమాను, చీకట్లో, ఎవరూ అడగకుండానే, భోజనం బల్ల మీద కత్తి ఉంది, ఆమె ఇప్పుడు దాన్ని చూస్తుంది అని నెమ్మదిగా చెప్పాడు. నలభై సెకన్ల తరువాత బొమ్మ తిరిగి వచ్చేసరికి కత్తి ఆమె చేతిలో ఉంది. హాలు ఒక్కసారిగా ఊపిరి పీల్చుకోవడం ప్రొజెక్టరు దగ్గరున్న నాకు వినిపించింది.

మూడవ అంకం ఆరంభంలో రోము తెల్లవారుజాము గంటలు. పుచ్చీని వాటి కోసం స్వయంగా రోముకు వెళ్ళి చుట్టుపక్కల చర్చిల గంటలు విని, సెయింట్ పీటర్స్ పెద్దగంట స్వరం ఏదో కనుక్కుని రాసుకున్నాడు. ఆ గంటల మధ్యన మా వంటగది నుంచి టీ బాయిలరు సన్నగా ఈల వేసింది. ఎవరో దాన్ని ఆపడం మరిచారు. ఇకపై విరామం ముగిసిన వెంటనే ప్లగ్గు పీకవలసిన మనిషి పేరు పని జాబితాలో ఉండాలి.

వచ్చినవారు యాభైఒక్కరు. ఇంటికి వెళ్ళే దారుల్లో నీళ్ళు నిలిచినందున ఇద్దరు ముసలివాళ్ళను పక్కింటివారు తమ ట్రాక్టరు మీద దించవలసి వచ్చింది.

2025 ఫిబ్రవరి 26, బుధవారం

తుపాను రాత్రి తరువాత కోశాధికారి మాటకు బలం వచ్చి, ఒక మధ్యాహ్నం ఆట ప్రయత్నించాము. నేషనల్ థియేటర్ వారి ‘ది ఇంపార్టెన్స్ ఆఫ్ బీయింగ్ ఎర్నెస్ట్’ రికార్డింగు. ఆస్కార్ వైల్డ్ నాటకం 1895లో తొలిసారి ఆడింది. ఇది షూటీ గాట్వా, షారన్ డి. క్లార్క్ ఉన్న ప్రదర్శన. డిష్ లేదు, వాన భయం లేదు, రెండున్నరకు ఆట, ఐదున్నరకు చివరి బస్సు. డెబ్బైమూడు మంది వచ్చారు. వారిలో కనీసం ఇరవైమందిని సాయంత్రపు ఆటల్లో నేను ఎన్నడూ చూడలేదు. చీకట్లో కారు నడపలేని వారు, నడిపే మనిషి పోయినవారు.

ఒక పొరపాటు చేసి సరిదిద్దుకున్నాను. మాటలు తేటగా వినపడాలని ముందు మధ్యనున్న స్పీకరును పెంచి, వెనుక స్పీకర్లను బాగా తగ్గించి మొదలుపెట్టాను. మొదటి పావుగంట మా వాళ్ళు చిరునవ్వులతో సరిపెట్టుకున్నారు. వైల్డ్ మాటలకు గట్టిగా నవ్వే గుండె ఎవరికీ రాలేదు. లండన్ ప్రేక్షకుల నవ్వు ఎక్కువగా ఆ వెనుక స్పీకర్లలోనే ఉంటుందని అప్పుడు వెలిగింది. నెమ్మదిగా వాటిని పెంచాను. హాలు వెనుక నుంచి వందలమంది నవ్వు వినిపించడం మొదలయ్యాక, మా వాళ్ళు కూడా వారి తోకపట్టుకుని అర సెకను వెనుకగా నవ్వారు. లేడీ బ్రాక్‌నెల్ హ్యాండ్‌బ్యాగు గురించి అడిగే వేళకు ఎవరు లండన్ వారో ఎవరు మా ఊరివారో తేడా పోయింది. రికార్డింగులో ప్రాణం ఉండదన్న నా వాదన ఆ మధ్యాహ్నం కొంత వదులైంది. అధ్యక్షురాలు మాత్రం నవ్వడం వేరు, బెంగపడడం వేరు, ఫలితం ముందే తెలిసిన క్రికెట్ మ్యాచ్‌కు ఎవరు బెంగపడతారు అన్నారు. దానికి నా దగ్గర జవాబు లేదు.

2025 మార్చి 15, శనివారం

ఈ తప్పు పూర్తిగా నాది. బెతోవెన్ రాసిన ఒకే ఒక్క ఒపెరా ‘ఫిడెలియో’ ప్రత్యక్ష ప్రసారం. కరపత్రాల మీద సాయంత్రం ఆరు అని వేయించాను, నవంబరులో అంతే గదా అని. అమెరికా గడియారాలు మార్చి రెండవ ఆదివారం గంట ముందుకు జరుగుతాయి, బ్రిటను గడియారాలు చివరి ఆదివారం గాని జరగవు. ఈ ఏడాది మార్చి 9 నుంచి 30 దాకా న్యూయార్క్‌కు మాకు ఐదు గంటల తేడా కాదు, నాలుగే. ఒంటిగంట ఆట మాకు ఐదింటికి.

ఇది కనిపెట్టింది నేను కాదు. బోస్టన్‌లో ఉన్న కూతురు ప్రతి ఆదివారం రాత్రి ఏడింటికి ఫోను చేసే ఒక పెద్దావిడ, పోయిన ఆదివారం ఫోను ఆరింటికే వచ్చిందని పోస్టాఫీసులో చెప్పుకుంటుండగా విన్నాను. కాళ్ళ కింద నేల కదిలినట్టయింది. సిగ్గుపడవలసిన సంగతి ఏమిటంటే, భారతదేశంలో గడియారాలు మారవు గనుక, ఏటా మార్చిలోనూ అక్టోబరులోనూ తెనాలి నుంచి మా అమ్మ, మీ టైము మళ్ళీ మారిందా నాయనా అని అడుగుతూనే ఉంటుంది. ఆ ప్రశ్న పదిహేనేళ్ళుగా వింటున్నవాణ్ని.

ముగ్గురం కలిసి కరపత్రాల మీద ఎర్ర సిరాతో ఐదు అని దిద్ది, టికెట్టు కొన్నవారికి ఫోన్లు చేశాము. అయినా తొమ్మిదిమందికి కబురు అందలేదు. వాళ్ళు ఆరు దాటిన ఐదు నిమిషాలకు తలుపు తీసుకుని వచ్చారు. అది మొదటి అంకం చివర, ఖైదీలను కాసేపు చెరసాల బయటికి వదిలే ఘట్టం. స్వేచ్ఛ గాలి అని పాడుతూ వారు చీకట్లోంచి ఒక్కొక్కరే అడుగు పెడుతుండగా, మా తొమ్మిదిమందీ తలుపు దగ్గర వెలుతురుకు అలవాటుపడిన కళ్ళతో చీకట్లో కుర్చీలు తడుముకుంటున్నారు. వాళ్ళ డబ్బు తిరిగి ఇస్తానంటే నలుగురే తీసుకున్నారు.

లియోనోరా పాత్రలో మళ్ళీ డావిడ్‌సెన్. చెరలో ఉన్న భర్త కోసం మగవేషం వేసుకున్న భార్య కథ ఇది. పాడిన గాయని అప్పటికి కవలలతో గర్భిణి. విరామంలో వైను కన్నా ఈ సంగతే ఎక్కువ చెల్లింది. అధ్యక్షురాలు నా వైపు చూసి ఏమీ అనలేదు, అనవలసిన అవసరం లేదని నాకూ తెలుసు.

2025 ఏప్రిల్ 26, శనివారం

మొజార్ట్ ‘ఫిగారో పెళ్ళి’ ప్రత్యక్ష ప్రసారం. ఆకాశం నిర్మలం, గాలి లేదు, అంకె ఏడు. ఎందుకో అర్థం కాలేదు. కేబుళ్ళు విప్పి బిగించాను, నిచ్చెన ఎక్కి డిష్ ముఖాన్ని వేలెడంత అటూ ఇటూ తిప్పాను. అక్కడి నుంచి డిష్ చూసే దిక్కుకు, అంటే దక్షిణానికి కాస్త తూర్పుగా, తల ఎత్తి చూసినప్పుడు కారణం నా ముఖం మీదే ఊగుతూ కనిపించింది. చర్చి ఆవరణలోని సికమోర్ చెట్టు చిగిర్చింది.

ఈ అక్షాంశంలో ఉపగ్రహం ఆకాశంలో ముప్పై డిగ్రీల ఎత్తుకు మించదు, అంటే మన వైపులా తలెత్తి చూసేంత పైన ఉండదు, చెట్ల కొమ్మల వరుసకు కాస్త పైగా ఉంటుంది. డిష్ బిగించింది ఆకులు పండి పలచబడిన అక్టోబరు చివరలో. ఎండు కొమ్మల సందుల్లోంచి దూరి వచ్చిన సిగ్నలు నీళ్ళు నిండిన లేత ఆకుల్లోంచి రాలేదు. శీతాకాలమంతా చెట్టు మాకు అడ్డం లేదనుకున్నాం, నిజానికి అది నిద్రపోతూ ఉంది.

మొదటి మూడు అంకాలు ఎలాగో గడిచాయి. నాలుగవ అంకంలో సాయంత్రపు చిరుగాలి లేచి కొమ్మలు ఊగినప్పుడల్లా బొమ్మ ఒక్క క్షణం ఆగి కదిలింది. తోటలో చీకట్లో ఒకరినొకరు పోల్చుకోలేక తికమకపడే ఘట్టం అది. ఎవరు ఎవరో మా వాళ్ళకు కూడా తెలియలేదు గనుక కథకు న్యాయమే జరిగిందని పోస్టుమాను అన్నాడు.

2025 మే 21, బుధవారం

కొమ్మలు కొట్టిద్దామని కమిటీలో ఒకరు అన్నారు. మా ఊరి నడిబొడ్డు సంరక్షిత ప్రాంతం, చెట్టు మీద చేయి వేయాలంటే ఆరు వారాల ముందు కౌన్సిలుకు తెలియజేయాలి, చర్చి వారి సమ్మతి కావాలి, పైగా అది గూళ్ళు పెట్టే కాలం. నాకైతే ఆ చెట్టును కొట్టించే మనసు లేదు. దాని కింద బెంచీ మీదే మా విరామపు వైను సగం ఖర్చవుతుంది. డిష్‌ను వెనుక షెడ్డు కప్పు మీదికి మార్చవచ్చా అని నిన్న సాయంత్రం ఫోనులోని దిక్సూచితో చూశాను. అక్కడి నుంచి చెట్టు అంచు తప్పుతుంది, అయితే కేబులు నలభై మీటర్లు అవుతుంది, కప్పు పాత ఆస్‌బెస్టాస్ రేకు. దాని జోలికి వెళ్ళము.

అందువల్ల ఈ నెల ‘సలోమీ’ని ప్రత్యక్షంగా కాక, ఈ రోజు మధ్యాహ్నం రికార్డింగుగా వేశాము. అరవైనాలుగు మంది. పళ్ళెంలో తెచ్చిన ప్రవక్త తలను నాయిక ముద్దుపెట్టుకునే దృశ్యాన్ని మా ఊరి పెద్దావిడలు ఒడిలో స్వెటర్లు అల్లుకుంటూ, సూది ఆపకుండా చూశారు. ఇబ్బంది మరొక దిక్కు నుంచి వచ్చింది. ‘సలోమీ’ ఒకే అంకం, విరామం లేదు. విరామం లేకపోతే టీ లేదు, కేకు లేదు, హాలు కరెంటు బిల్లు కట్టే డబ్బు లేదు. ఆట అయ్యాక టీ పెట్టి చూశాము, వచ్చే బస్సుకు పదిహేను నిమిషాలే ఉంది, కేకులు కాగితంలో చుట్టి పంపవలసి వచ్చింది. ఒకే అంకం ఉన్నవాటికి టీ ముందే పోయాలని రాసుకున్నాను.

సాయంత్రం కమిటీ కూర్చుని వచ్చే సీజను పట్టిక వేసింది. వాదన ఈసారి పది నిమిషాల్లో తెమిలింది. సికమోర్ ఆకు రాలినప్పటి నుంచి తిరిగి చిగిర్చేదాకా, అంటే నవంబరు నుంచి ఏప్రిల్ నడుమ దాకా, శనివారం సాయంత్రాలు ప్రత్యక్ష ప్రసారం. మిగిలిన నెలల్లో బుధవారం మధ్యాహ్నాలు రికార్డింగు. మార్చిలో రెండవ, చివరి ఆదివారాల నడుమ పడే తేదీల పక్కన అధ్యక్షురాలు తన చేత్తో ‘ఐదింటికి’ అని రాసి, కింద రెండు గీతలు గీసి, పట్టికను వంటగది తలుపుకు అంటించారు. టీ బాయిలరు ప్లగ్గు పీకే మనిషిగా నా పేరు పడింది.